నెల్లూరు లాడ్జిలో ఆగిపోయిన యుద్ధం

నెల్లూరులో లాప్‌టాప్‌లతో పని పెట్టుకుని లాడ్జిలో దిగేవాళ్ళు, మాలాగా ఆటల కోసం దిగేవాళ్ళు, డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి. జనరేటర్ కరెంటు ప్లగ్ పాయింట్లకి కూడా వస్తుందా, లేక ఫ్యాన్‌కీ లైటుకీ మాత్రమేనా? ఫోన్‌లో చెప్పిన మాట నమ్మొద్దు. గదిలో నిలబడి వేయించి చూసుకోండి. ఆ ఒక్క మాట నమ్మినందుకు మాకు 5,700 రూపాయలూ, ఎన్నేళ్ళుగానో అనుకుంటున్న ఆట ఒకటీ పోయాయి. ఆ కోపం ఇంకా తగ్గలేదు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

అక్కా బావా చెన్నైలో ఉంటారు. మేనకోడలు తిరుపతిలో బీటెక్ చదువుతోంది. తమ్ముడూ నేనూ ఒంగోలు. అందరికీ మధ్యలో పడేది నెల్లూరు. మే నెల సెలవుల్లో అక్కడ కలిసి, పక్కపక్కన కూర్చుని ఏజ్ ఆఫ్ మైథాలజీ అనే కంప్యూటర్ ఆట ఆడాలని ప్లాన్ వేశాం. ప్రయాణం మామూలే. మేమిద్దరం పినాకిని రైల్లో దిగేసరికి వాళ్ళు ముగ్గురూ వచ్చేసి ఉన్నారు.

ఈ ఆట కోసం ఊరు దాటి వెళ్ళడమేమిటని అక్క కూడా అడిగింది. 2002లో వచ్చిన ఆట. తయారుచేసింది ఎన్సెంబుల్ స్టూడియోస్, విడుదల చేసింది మైక్రోసాఫ్ట్. గ్రీకు, ఈజిప్టు, నార్స్ (ఉత్తర యూరప్) పురాణాల్లోంచి ఒక దేవుణ్ణి ఎంచుకుని ఊరు కట్టుకుని, పంటలు, చెక్క, బంగారం పోగేసి యుద్ధం చేయాలి. పాత సీడీ వెర్షన్‌కి ఇంటర్నెట్ అక్కర్లేదు, ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. నా లాప్‌టాప్ పన్నెండేళ్ళది, అందులోనూ హాయిగా ఆడుతుంది. లాప్‌టాప్‌లని కలిపే ఒక చిన్న నెట్‌వర్క్ స్విచ్ పెట్టె, నాలుగు కేబుళ్ళు ఉంటే నలుగురూ ఒకే యుద్ధంలో ఉంటారు. ఎదుటివాడు దాడికి బయల్దేరినప్పుడు వాడి మొహం చూడొచ్చు. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైంది అదే.

లాడ్జి స్టేషన్‌కి దగ్గరే. పేరు రాయను. రెండు ఏసీ గదులు, ఒక్కోటి 1,700. ఫోన్ చేసినప్పుడు మేనేజర్ రెండు మాటలు చెప్పాడు: చెకౌట్ ఇరవై నాలుగు గంటలకి, జనరేటర్ ఫుల్ బ్యాకప్. గదులు శుభ్రంగానే ఉన్నాయి, ఏసీ బాగా పనిచేసింది, అది ఒప్పుకోవాలి. సామాను పెట్టేసి మంచాల మధ్య టేబుల్ లాగి, కేబుళ్ళు కలిపి మొదలుపెట్టాం. తమ్ముడూ నేనూ ఒక పక్షం, తండ్రీకూతుళ్ళు ఒక పక్షం.

ఆ యుద్ధం గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మా బాధ అర్థం కాదు. ఈ ఆటలో దేవుడిచ్చే శక్తి ఏదైనా సరే, ఒక్కసారే వాడుకోవాలి. ఊరు ఒక దశ నుంచి ఇంకో దశకి ఎదిగినప్పుడల్లా ఇద్దరు చిన్న దేవతల్లో ఒకరిని ఎంచుకుంటాం, వాళ్ళు ఒక శక్తి ఇస్తారు. నేను గ్రీకు దేవుడు జ్యూస్ పక్షం. చివరి దశలో హేరాని ఎంచుకున్నాను. ఆమె ఇచ్చేది పిడుగుల వాన, గురి చూసి వేస్తే సగం సైన్యం మాడిపోతుంది. మేనకోడలు ఈజిప్టు దేవత ఐసిస్ పక్షం. ఐసిస్ కట్టే స్మారక స్తంభాల చుట్టుపక్కల శత్రువు దైవశక్తి పనిచేయదు. అంటే నా పిడుగులు పడాలంటే ముందు ఆ స్తంభం కూలాలి. ఆ పిల్ల దాని చుట్టూ గోడ కట్టి, వెనక రథాల మీద విలుకాళ్ళని నిలబెట్టింది. తమ్ముడు గుర్రాలతో ఒకవైపు నుంచి, నేను హెరాక్లిస్ అనే వీరుణ్ణీ బల్లెం సైన్యాన్నీ తీసుకుని ఇంకోవైపు నుంచి, చాలాసేపు కొట్టుకున్నాం. బావ ఈలోపు తమ్ముడి ఊరి మీద పడ్డాడు. తమ్ముడు ఊరు వదులుకున్నాడు కానీ వెనక్కి తిరగలేదు.

స్తంభం కూలింది. నేను పిడుగుల వాన వేశాను. తెర మీద ఆకాశం నల్లబడింది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

బయట గాలివాన లేచింది, కరెంటు పోవడం ఎవరి తప్పూ కాదు. కింద జనరేటర్ చప్పుడు వినిపించింది, లైట్లు వెలిగాయి, ఫ్యాన్ తిరిగింది. ప్లగ్ పాయింట్లు మాత్రం చచ్చిపడి ఉన్నాయి. నెట్‌వర్క్ స్విచ్‌కి కరెంటు లేదు, బావ లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో పోయింది. నెట్‌వర్క్ తెగి ఆట మొత్తం రద్దయింది. నేను కిందికి వెళ్ళి అడిగితే మేనేజర్ అన్నమాట ఇది: "ప్లగ్గులకి జనరేటర్ ఇస్తామని ఎవురు చెప్పారు సార్ మీకు? ఫ్యాను తిరగతా ఉండాది కదా, ఇంకేం కావాల?" చెప్పింది తనే. గొంతు కూడా అదే.

అంతటితో ఆగలేదు. పొద్దున పదికి తలుపు కొట్టారు. పదింటికి ఖాళీ చేయాలట, లేదంటే ఇంకో సగం రోజు అద్దె. మేం దిగింది మధ్యాహ్నం పన్నెండుకి. ఇరవై నాలుగు గంటలన్నారు కదా అంటే గోడకున్న బోర్డు చూపించాడు. దాని మీద ఒక క్యాలెండర్ వేలాడుతోంది. క్యాలెండర్ పక్కకి జరిపితే కింద "చెకౌట్ ఉదయం 10 గంటలు" అని ఉంది. బిల్లులో ఇంకో వరస: లాప్‌టాప్ కరెంటు ఛార్జి, ఒక్కోదానికి 150 చొప్పున 600. కరెంటు లేక ఆట పోగొట్టుకున్నవాళ్ళ దగ్గర కరెంటు ఛార్జి! అద్దె 3,400, సగం రోజుది 1,700, ఈ 600, మొత్తం 5,700. అది కూడా తెల్లకాగితం మీద. అక్క అప్పటిదాకా ఆట గురించి విసుక్కుంటూనే ఉంది కానీ, ఆ కాగితం చూశాక కౌంటర్ దగ్గర నిలబడి, "సరైన బిల్లు ఇవ్వు నాయనా, అప్పుడు కడతాం," అని గట్టిగా అడిగింది. బిల్లు పుస్తకం ఓనర్ ఇంట్లో ఉందన్నాడు. అరగంట వాదించి, ఆకలేస్తోందని తమ్ముడు మొహం మాడ్చుకున్నాక కట్టేసి బయటపడ్డాం.

మా ప్రాణం లేచొచ్చింది ట్రంకు రోడ్డు వైపు ఒక సందులో ఉన్న చిన్న మెస్‌లో. భోజనం 130, బొమ్మిడాయిల పులుసు 240. పచ్చిమామిడి ముక్కలు వేసి కాచిన పులుసు, పైన నూనె తేలుతూ, చింతపులుపూ మామిడి పులుపూ విడివిడిగా తెలుస్తున్నాయి. వడ్డించే ఆవిడ, "నిన్న రేత్రి కాచింది, ఈపొద్దుకి ముక్కకి పట్టుంటది, తినండి," అంది. చేపల పులుసు మర్నాటికే రుచి అని మా అమ్మ కూడా అనేది. అక్క మాట్లాడకుండా తింది. తమ్ముడు మూడోసారి అన్నం పెట్టించుకున్నాడు. ఐదు భోజనాలు, మూడు పులుసులు కలిపి 1,370. నెల్లూరు వెళ్ళినవాళ్ళు పెద్ద ఏసీ హోటళ్ళలో ఇదే పులుసు తిని నెల్లూరు రుచి చూశామనుకోవద్దు. మెస్‌లోనే తినండి, పన్నెండున్నర లోపల వెళ్ళండి, తర్వాత ముక్కలు దొరకవు.

ఒక గేమింగ్ సెంటర్‌కి కూడా వెళ్ళాం. గంటకి 60, కుర్చీలు బాగున్నాయి. కానీ అన్నీ తుపాకుల ఆటలే, బయటి ఆట ఎక్కించనివ్వరు. అది వాళ్ళ రూలు, మర్యాదగానే చెప్పారు.

చివరికి వేదాయపాళెంలో రోజుకి 2,500కి రెండు పడగ్గదుల ఇల్లు దొరికింది. ఓనర్ రిటైరైన లెక్చరర్. నేను ఇన్వర్టర్ గురించి అడగ్గానే ఆయన ఇంకేం మాట్లాడకుండా మెయిన్ ఆఫ్ చేశారు. తన ఫోన్ ఛార్జర్ తీసుకుని హాల్లో, రెండు గదుల్లో, వంటింట్లో ప్రతి ప్లగ్గులోనూ పెట్టి, ఛార్జ్ ఎక్కుతున్న గుర్తు నాకు చూపించి, మళ్ళీ మెయిన్ వేశారు. "ఏసీ, ఫ్రిజ్ తప్ప అన్నీ దీనిమీదే, నాలుగు గంటలు లాగుతుంది," అన్నారు. ఆ మనిషికి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. లోపాలూ ఉన్నాయి. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కుళాయి నీళ్ళు ఉప్పగా ఉంటాయి, తాగే నీళ్ళ క్యాన్ మనమే తెప్పించుకోవాలి. అయినా డిపాజిట్ 2,000 మేం మెట్లు దిగకముందే ఫోన్‌కి తిరిగొచ్చేసింది.

అక్కడ ఆడిన ఆటే ఈ యాత్రకి ప్రాణం. ఈసారి బావా నేనూ ఒకటి, తమ్ముడూ మేనకోడలూ ఒకటి. బావ థోర్ పక్షం. నార్స్ వాళ్ళకి ఇళ్ళూ కోటలూ కట్టేది సైనికులే, కూలివాళ్ళు కాదు. అందుకే బావ సైన్యం నడిచినచోటల్లా ఊరు లేచేది. బంగారంలాగే పోగేసి ఖర్చుపెట్టే ఇంకో సరుకు దైవానుగ్రహం, దాన్ని సంపాదించే పద్ధతి కూడా ఒక్కో జాతికీ ఒక్కో రకం. గ్రీకులు గుడి దగ్గర ప్రార్థన చేయాలి, ఈజిప్టువాళ్ళు స్తంభాలు కట్టాలి, నార్స్ వాళ్ళు యుద్ధం చేయాలి. మూడు జాతులకీ రంగులు మార్చి వదిలేయకుండా, బతికే తీరే వేరుగా పెట్టారు. 2002లో ఇంత ఆలోచించి చేసినందుకు నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఇళ్ళు పదికి మించి కట్టనివ్వరు. జనాభా పెరగాలంటే మ్యాపులో అక్కడక్కడా ఉన్న సెటిల్‌మెంట్లు, అంటే ఊరి కేంద్రం కట్టుకునే చోట్లు, పట్టుకోవాలి. దాంతో ఎవరి మూలన వాళ్ళు కూర్చోవడం కుదరదు, పోట్లాట తప్పదు.

బావ చివర్లో రాగ్నరోక్ ప్రయోగించాడు. అది వేస్తే ఆ ఊరి కూలివాళ్ళందరూ వీరులైపోతారు. ఇక పొలం దున్నేవాడు, బంగారం తవ్వేవాడు ఒక్కడూ మిగలడు. అన్నీ పణంగా పెట్టే దెబ్బ. మేం గెలిచేశామనుకున్నాం. మేనకోడలు తొణకలేదు. ఈ ఆటలో వీరులు రాక్షసజంతువుల్ని కొడతారు, జంతువులు మామూలు సైనికుల్ని కొడతాయి, మామూలు సైనికులు వీరుల్ని కొడతారు. ఆ పిల్ల తన జంతువులన్నిటినీ వెనక్కి తీసుకుని, ఉత్త బల్లెంవాళ్ళనీ రథాలనీ ముందుకి తోసింది. వాళ్ళ నాన్న వీరులు వంతెన లాంటి ఇరుకు దారిలో ఆగిపోయినప్పుడు, అప్పటిదాకా దాచుకున్న ఉల్కాపాతం సరిగ్గా వాళ్ళ నెత్తిన దించింది. బావ కుర్చీలోంచి లేచి కూతురి తల నిమిరాడు. ఓడిపోయిన నాకూ ఆనందంగానే ఉంది.

ఆ ఇరుకు దారే ఈ ఆటకి పెద్ద లోపం కూడా. సైన్యం పెద్దదైతే దారి వెతుక్కోవడం రాదు. అడవి సందులో ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ నిలబడిపోతారు, కొలోసస్ లాంటి పెద్ద బొమ్మ అడ్డం పడితే వెనకవాళ్ళంతా బాణాలు తింటారు. కంప్యూటర్‌తో ఆడితే మాకు వచ్చిన దాడులన్నీ దాదాపు ఒకే దారిన వచ్చాయి, కాసేపటికి ముందే తెలిసిపోతుంది. గెలుపు ఖాయమయ్యాక కూడా మూలమూలలా వెతికి మిగిలినవి కూల్చేదాకా ఆట చాలాసార్లు సాగుతూనే ఉంటుంది. అందుకే ఓడిపోయేవాళ్ళు మర్యాదగా ఒప్పుకోవాలి. తమ్ముడు ఒప్పుకోడు.

ఈ ఆటనే 2024లో రీటోల్డ్ పేరుతో కొత్తగా తెచ్చారు. మేనకోడలి లాప్‌టాప్‌లో ఉంది, రాత్రి అందరం చూశాం. బొమ్మలు చాలా అందంగా ఉన్నాయి, సైన్యం కదలిక మెరుగైంది, కూలివాళ్ళని పుట్టించే పని దానంతటదే జరిగేలా పెట్టుకోవచ్చు. ఒక్క మార్పు మాత్రం నాకు మింగుడుపడలేదు. అందులో దైవానుగ్రహం ఖర్చుపెట్టి, కాసేపు ఆగితే అదే శక్తిని మళ్ళీ వాడుకోవచ్చు. "ఒక్కసారే అయితే భయపడి చాలామంది అసలు వాడరు మామయ్యా, ఆట అయిపోయేదాకా దాచుకునే ఉంటారు," అంది మేనకోడలు. ఆ మాటలో నిజం ఉంది, తమ్ముడి ఉదాహరణే చాలు. కానీ ఉల్కాపాతం మళ్ళీ వస్తుందని తెలిస్తే ఆ పిల్ల అంతసేపు ఊపిరి బిగబట్టి కాచుకునేదా? నా ఓటు పాతదానికే. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి మాత్రం రీటోల్డే మంచిది, లాప్‌టాప్ బలమైనది అయితేనే.

సాయంత్రం మైపాడు బీచ్‌కి వెళ్ళాం. అక్క కోసం. గాలి బాగుంది, ఎండ పూర్తిగా దిగాకే వెళ్ళండి. వచ్చేటప్పుడు మలై కాజా కట్టించుకున్నాం.

మీరూ ఇలా ఆడుకోవడానికి వెళ్ళేట్లయితే లాడ్జి జోలికి పోకుండా రోజు అద్దె ఇల్లే చూసుకోండి, నలుగురైదుగురికి ఖర్చు కూడా తక్కువ. చెకౌట్ టైము వాట్సాప్‌లో రాయించుకోండి. పొడుగు వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు, విడిగా ఇంకో కేబుల్, నెట్‌వర్క్ స్విచ్‌కి చిన్న యూపీఎస్ తీసుకెళ్ళండి. లాప్‌టాప్‌లకి బ్యాటరీ ఉన్నా, ఆ స్విచ్ ఆగిపోతే ఆట ఆగిపోయినట్టే.