కాసిమేడులో బియ్యపు గింజంత నత్త

మా మేనల్లుడు ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాడు. ఫెదర్ స్టార్ అనే సముద్ర జీవిని పట్టుకుని బతికే నత్తను చూడాలని వాడి పట్టుదల. "మావయ్యా, చెన్నైకి తోడు రావా" అన్నాడు. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాం.

ఎగ్మోర్ స్టేషన్ దగ్గర లాడ్జి. గది శుభ్రమే, కానీ వేడినీళ్లు ఏడింటి దాకా రావు. తెల్లారకముందే హార్బరుకు పోయేవాళ్లకు అది దండగ. రాయపురం వైపు దిగుంటే ఆటో డబ్బులైనా మిగిలేవి.

మొదటి రోజు ఎగ్మోర్ మ్యూజియం. 1851లో మొదలైంది, శుక్రవారం సెలవు. అమరావతి శిల్పాల దగ్గర నేను గంట నిలబడిపోయాను. మన రాళ్లు చూడ్డానికి మనమే టికెట్టు కొనడం ఒక రకంగా ఉంటుంది. వాడు మాత్రం జంతువుల గ్యాలరీల్లో తిరిగొచ్చి, "అద్దం బయటినుంచి అంత చిన్న నత్త ఎక్కడ కనపడుతుంది మావయ్యా" అని పెదవి విరిచాడు.

మర్నాడు తెల్లవారుజామున కాసిమేడు చేపల హార్బరు. వలల్లోంచి ఏరి పారేసిన చెత్త చేపల కుప్ప దగ్గర వాడు గొంతుకు కూర్చున్నాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. పైగా ఒక పెద్దాయన తెలుగులో "ఏ ఊరు మీది?" అని పలకరించి, టీ ఇప్పించాడు. మొత్తం ట్రిప్పులో అదే మంచి సర్వీసు.

ఫెదర్ స్టార్ సముద్ర నక్షత్రాలకు, సీ అర్చిన్లకు చుట్టం. చేతులకు రెండు పక్కలా ఈకల్లాంటి పోగులు, కింద రాళ్లను పట్టుకునే కొక్కేలు. బెదిరితే చేతులు తెంపుకుంటుంది, మళ్లీ మొలుస్తాయి. కుప్పలో దొరికిన మూడో ఫెదర్ స్టార్‌ని భూతద్దం కింద పెట్టాక, చేతి మొదట్లో దొరికింది: తెల్లగా, గాజులా మెరుస్తూ, మొన తేలిన గుల్ల, బియ్యపు గింజంత. యూలిమిడే అనే నత్తల కుటుంబం అయ్యుంటుందన్నాడు. ఈ కుటుంబంలో చాలావాటికి మామూలు నత్తల్లాగా నాలుక మీద ఆకురాయిలాంటి పళ్లు ఉండవు. పొడవాటి తొండం తాము పట్టుకున్న జీవి ఒంట్లోకి గుచ్చి రసాలు పీల్చుకుంటాయి. అందుకే వాడు దాన్ని లాగనివ్వలేదు. కోట్ల ఏళ్ల నాటి శిలాజాల్లో కూడా సీ లిల్లీల (ఫెదర్ స్టార్‌కి కాడ ఉన్న చుట్టాలు) మలద్వారం మీద కూర్చున్న నత్తలు దొరికాయట. అవి వేరే వంశం, తిండి కూడా వేరే. ఏం తినేవో అడక్కండి, పక్కన టీ ఉంది.

నత్తతో సహా ఆ ఫెదర్ స్టార్‌ని టిఫిన్ బాక్సులో పెట్టి గదికి తెచ్చాం. పది నిమిషాల్లో రూమ్ బాయ్ తలుపు కొట్టి, "సార్, లోపల చేపలు వండుతున్నారా?" అన్నాడు. గంట ముందే గది ఖాళీ చేయించారు, డబ్బులు మాత్రం పూర్తిగా పట్టుకున్నారు.

బాక్సు మా అక్కది. దానికింకా చెప్పలేదు.