గ్లోవ్ తోలు పర్స్ ఐదేళ్లు, బంతి తోలు పర్స్ మూడేళ్లు వాడాక

పాత బేస్‌బాల్ గ్లోవ్ విప్పి చేసిన పర్స్ ఐదేళ్లుగా నా జేబులో ఉంది. క్రికెట్ బంతుల తోలుతో చేసిన చిల్లర పర్స్ కొని మూడేళ్లయింది. రెండూ చేత్తో కుట్టినవే. మొదటిది మళ్లీ కొంటాను, రెండోది కొనను.

గ్లోవ్ పర్స్‌కి వాడింది అరచేతి భాగం. ఏళ్ల తరబడి బంతి తగిలి మెత్తబడిన తోలు కాబట్టి మొదటి రోజే హాయిగా మడత పడింది. కొత్త తోలు పర్సులు ఇలా లొంగడానికి నెలలు పడుతుంది. గ్లోవ్ మీది ముద్రలో రెండక్షరాలు ఇంకా సగం కనిపిస్తాయి. వాటిని కోసి పారేయకుండా బయటికే ఉంచడం నాకు చాలా నచ్చింది.

ఒక ఇబ్బంది మాత్రం చెప్పాలి. ఆటగాళ్లు గ్లోవ్‌కి నూనె పట్టిస్తారు. అది తోలు లోపలే ఉండిపోతుంది. మొదటి కొన్ని నెలలు ఎండలో తిరిగొస్తే పర్సులోని కాగితాలకు మరకలు అంటేవి. తర్వాత తగ్గిపోయింది. ఇలాంటి పర్స్‌కి కొన్న వెంటనే మళ్లీ నూనె గానీ తోలును మెత్తబరిచే కండిషనర్ గానీ రాయకండి.

నాలుగో ఏడు మూల దగ్గర ఒక కుట్టు తెగింది. టెన్షన్ పడ్డాను గానీ పక్క కుట్లు కదల్లేదు. ఒకే దారాన్ని రెండు చివర్లా రెండు సూదులకు ఎక్కించి, ప్రతి రంధ్రంలోంచీ అటూ ఇటూ తీసి కుట్టే పద్ధతి ఇది. మిషన్ కుట్టులో పై దారం, కింది దారం ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి ఒకచోట తెగితే వరసగా వదులవుతాయి. అంచుల రంగు మాత్రం మూడో ఏటికే పగిలింది. ఈ గ్లోవ్ తోలు క్రోమియం లవణాలతో పదును చేసింది, అంటే పచ్చి చర్మం కుళ్లకుండా తోలుగా మార్చింది. బెరడు రసంతో పదును చేసిన తోలులా అంచులు రుద్దితే నునుపెక్కవు, అందుకే రంగు పూస్తారు. గీకి మళ్లీ పూయించుకున్నాను.

ఇక బంతి పర్స్. చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది, సీమ్ కుట్లతో సహా. కానీ బంతి చుట్టుకొలత 23 సెంటీమీటర్లకు కాస్త తక్కువే, అంటే మొత్తం తోలు సుమారు 165 చదరపు సెంటీమీటర్లు. అదీ గుండ్రంగా ఒంపు తిరిగి ఉంటుంది. అందుకే రెండు బంతుల ముక్కలు అతికారు, అతుకు ఉన్న ప్రతిచోటా మందం పెరిగింది. అసలు దెబ్బ వానలో తగిలింది. బంతి తోలును పటికతో పదును చేస్తారు, నీళ్లు తగిలితే పటిక కొట్టుకుపోతుంది. ఒక్కసారి బాగా తడిసి ఆరాక నా పర్స్ అట్టలా బిగుసుకుపోయి మడత దగ్గర చీలింది. కండిషనర్ ఎంత రాసినా తిరిగి మెత్తబడలేదు. బంతి తోలుతో కావాలంటే మడత లేని కీచైన్ చేయించుకోండి.

మీ ఇంట్లో ఉన్న పాత సామాను ఇచ్చి చేయించాలనుకుంటే ముందు తోలును వేలితో గట్టిగా రుద్ది చూడండి. వేలికి ఎర్రటి పొడి అంటితే ఆ తోలు పని అయిపోయినట్టే, కుట్టు నిలవదు. వికెట్ కీపింగ్ గ్లోవ్స్ అయితే అరచేతి వైపు రబ్బరు ఉంటుంది, పనికొచ్చేది వెనక భాగమే. ఎక్కడ కోయాలో తయారుచేసేవారితో దగ్గర కూర్చుని మాట్లాడుకోండి. పాత కుట్ల రంధ్రాలు మడత మీదకి రాకుండా చూసుకోమని చెప్పడం మర్చిపోవద్దు.