ఆరేళ్లు వాడిన లాన్ మోవర్: వేడి మీద స్టార్ట్ కాకపోతే ఏం చూడాలి

నూజివీడు దగ్గర మాకు ఎకరంన్నర మామిడి తోట ఉంది. చెట్ల కింద గడ్డికి 2019 జూన్‌లో 160 సీసీ ఫోర్ స్ట్రోక్ లాన్ మోవర్ కొన్నాను. తోసుకుంటూ వెళ్లే రకం, కార్బొరేటర్‌ది, తాడు లాగి స్టార్ట్ చేయాలి. కోత విషయంలో ఒక్క ఫిర్యాదూ లేదు. నేల చదునుగా ఉంటే తుంగ, గరిక దేన్నీ వదలదు. పొద్దున్నే చోక్ వేసి రెండుసార్లు లాగితే అందుకుంటుంది. ఏడిపించింది ఒక్కచోటే: వేడెక్కాక ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు.

ఇది చిన్న సంగతి కాదు. హ్యాండిల్ దగ్గర లివర్ వదిలితే చాలు, ఇంజిన్ ఆగిపోతుంది. బ్లేడు దగ్గరికి చెయ్యి పోకుండా అలా పెట్టారు, మంచిదే. కానీ మామిడి తోటలో ఎండుకొమ్మ అడ్డొచ్చిందనో, రాయి తగిలిందనో గంటకు ఐదారుసార్లు ఆపాల్సి వస్తుంది. ఆపిన ప్రతిసారీ అరగంట కూర్చుంటే పని ఎప్పటికి తెమిలేను?

మొదటిసారి మొరాయించినప్పుడు ఆటోలో వేసుకుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. దింపేసరికి చల్లారింది, ఒక్క లాగుడుకే స్టార్టయింది. "కార్బొరేటర్ క్లీన్ చేస్తే సరిపోద్దన్నా" అన్నాడు. చేయించాను. ముప్పావు గంట కోసి ఆపాక మళ్లీ అదే. మూడుసార్లు తిప్పాక తెలిసొచ్చింది: ఈ జబ్బును వేడి మీదే, మొరాయించిన చోటే చూడాలి. చల్లారితే ఆనవాలు మిగలదు. అప్పటి నుంచి ప్లగ్ స్పానర్, ఒక పాత ప్లగ్గు, ఇన్సులేషన్ ఉన్న కటింగ్ ప్లేయర్ నాతోపాటే తోటకు వస్తున్నాయి.

అప్పట్లో దొరికిన దొంగ ట్యాంకు మూత. ప్లగ్గు విప్పితే పొడిగా ఉంది, అంటే పెట్రోల్ అందడం లేదు. మూత వదులు చేయగానే 'స్సు'మని గాలి లోపలికి పోయింది, తర్వాత రెండు లాగుళ్లకే అందుకుంది. మూతకు గాలి పోయే సన్నని దారి ఉంటుంది. అది దుమ్ముతో పూడుకుపోయి పెట్రోల్ కిందికి దిగలేదు. శుభ్రం చేశాక మూడేళ్లు హాయిగా నడిచింది.

2022లో వచ్చిన తంటా అసలైనది. ఈసారి ప్లగ్గు తడిసి ఉంది, పెట్రోల్ వాసన గుప్పుమంది. పెట్రోల్ వస్తోంది, అంటుకోవడం లేదన్నమాట. ఆవిరి బయటికి రాకుండా ప్లగ్గు మళ్లీ బిగించేశాను. ప్లగ్ క్యాప్‌లో పాత ప్లగ్గు పెట్టి, దాని ఒంటిని ఇంజిన్ బోల్టుకు ఆనించి, ప్లేయర్‌తో పట్టుకుని చెట్టు నీడలో చూశాను. మా బాబాయ్ లివర్ నొక్కి పట్టుకుని తాడు లాగాడు. స్పార్క్ లేదు. ఇంకోసారి లాగించాను, లేదు. ఇరవై నిమిషాలు కూర్చుని మళ్లీ లాగితే నీలంగా 'టిక్'మని కొట్టింది. ఇంజిన్ ఆపే లివర్ స్విచ్ తప్పేమోనని మర్నాడు లివర్ నుంచి కాయిల్‌కు, అంటే స్పార్క్ పుట్టించే తీగచుట్టకు, వచ్చే వైరు ఊడదీసి, వేడి మీదే పరీక్షించాను. అప్పుడూ లేదు. ఇక కాయిలే. లోపలి సన్నని తీగ ఎక్కడో చిట్లి ఉంటే వేడికి సాగి విడిపోతుంది, చల్లారాక మళ్లీ కలుస్తుంది. కొత్త కాయిల్ వేసి, ఇంజిన్‌తో తిరిగే చక్రం మీది మ్యాగ్నెట్‌కూ దానికీ మధ్య విజిటింగ్ కార్డు పెట్టి ఆ మందం ఖాళీ ఉంచి బిగించాను. ఊడదీసిన వైరు తిరిగి తగిలించడం మాత్రం మరవకండి. అది లేకపోతే లివర్ వదిలినా ఇంజిన్ ఆగదు.

కాయిల్ మార్చాక కూడా ఏప్రిల్ ఎండల్లో అప్పుడప్పుడు సతాయించేది. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ ఫ్యాన్ గాలి కొడుతుంది. ఆపగానే గాలి ఆగి, ఇంజిన్ వేడి, సైలెన్సర్ వేడి కార్బొరేటర్ మీదికి పాకి, లోపలి పెట్రోల్ ఆవిరవుతుంది. పైకవరు విప్పి చూస్తే ఇంజిన్ చల్లబడే రెక్కల మధ్య ఎండుగడ్డి దట్టంగా కూరుకుపోయి ఉంది. అది తీశాక ఆ బాధ సగానికి పైగా తగ్గింది. వేడి మీద చోక్ వేయకండి, ఇంకా ముంచేస్తుంది. నీడలోకి లాగి పది నిమిషాలు వదిలేయడమే మేలు. పెట్రోల్ పోయాలన్నా అంతసేపూ ఆగాల్సిందే.

2024లో మళ్లీ మొదలైంది. స్పార్క్ ఉంది, పెట్రోల్ ఉంది, కానీ వేడి మీద తాడు చేతికి తేలిగ్గా వస్తోంది, బిగువు లేదు. బైకు మెకానిక్‌తో టాపెట్లు, అంటే గాలి, పొగ దారులు మూసే వాల్వుల దగ్గరి సన్నని ఖాళీలు, చూపించాను. ఎగ్జాస్ట్ (పొగ బయటికి పోయే) వాల్వు దగ్గర ఆ ఖాళీ కొలిచే ఫీలర్ గేజ్‌లోని సన్నని రేకు కూడా దూరలేదు. వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) పోతోందన్నమాట. పూర్తిగా చల్లారిన ఇంజిన్ మీద ఇన్‌లెట్ 0.15, ఎగ్జాస్ట్ 0.20 మిల్లీమీటర్లు పెట్టాడు. మా ఇంజిన్ బుక్కులో ఉన్న కొలతలవి, మీవి మీ బుక్కులో చూసుకోండి. కొన్నప్పటి నుంచి ఒక్కసారీ టాపెట్లు చూపించకపోవడం నా పొరపాటే.

ఈ ఏప్రిల్‌లో కాయలు కోసే ముందు రెండున్నర గంటలు నడిపాను, తొమ్మిదిసార్లు ఆపాను. తొమ్మిదిసార్లూ మూడో లాగుడు దాకా పోలేదు. బాబాయ్ ఈసారి తన ఇంటి వెనక దొడ్డికీ కావాలని అడిగాడు, ఆదివారం ఇస్తున్నాను, ప్లగ్ స్పానర్‌తో సహా.