ఆగుంబె వానల్లో పాములు, కప్పల వెంట

ఆగుంబెలో గది ఎలా ఉంటుందని అడిగే ముందు, రాత్రి నడకకు ఎవరు తీసుకెళతారో అడగండి. కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో, పశ్చిమ కనుమల అంచున ఉన్న ఈ ఊళ్లో ఏడాదికి దాదాపు 7,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. ఉడుపి నుంచి బస్సులో ఘాట్ రోడ్డెక్కితే చేరుకోవచ్చు.

మేము జూలైలో వెళ్లాం. మొదట దిగిన చోట గదులు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లూ వచ్చేవి. కానీ రాత్రి నడకలో గైడు కొమ్మ మీది మలబార్ పిట్ వైపర్‌ను కర్రతో లేపి, ఫోటోలు తీసుకోమన్నాడు. ఎర కోసం ఒకేచోట రాత్రులకు రాత్రులు కదలకుండా మాటు వేసే పాము అది. దాన్ని కదిపితే వేట చెడగొట్టినట్టే. నాకు చాలా బాధ కలిగింది. మర్నాడే గది ఖాళీ చేశాం.

తర్వాత వక్కతోటల మధ్య ఉన్న హోమ్‌స్టేలో దిగాం. కరెంటు తరచూ పోయేది, ఆరేసిన బట్టలు ఆరేవి కావు. అయినా అక్కడికే మళ్లీ వెళతాను. ఆ ఇంటి పెద్దాయన అడవిలోకి అడుగుపెట్టే ముందే మా బూట్లు కడిగించారు. కప్పలను చంపే కైట్రిడ్ శిలీంధ్రం బురదతో పాటు ఒకచోటి నుంచి మరోచోటికి చేరగలదు మరి. నడుస్తూ నడుస్తూ ఆగి, టార్చిలు ఆర్పమనేవారు. చీకట్లో పొదల కప్పల అరుపులు ఒక్కొక్కటిగా విడివడి వినిపించేవి. బొటనవేలంత కూడా ఉండని ఆ కప్పలకు తోకకప్ప దశే లేదు, గుడ్డులోంచి నేరుగా కప్పపిల్లే బయటికి వస్తుంది. మలబార్ ఎగిరే కప్పలది ఇంకో పద్ధతి. నీటిగుంట మీదికి వంగిన ఆకులకు నురగ గూళ్లు కట్టి, అందులో గుడ్లు పెడతాయి. గుడ్లలోంచి బయటికొచ్చిన తోకకప్పలు కింది నీళ్లలోకి జారిపడతాయి. ఆ గూళ్ల దగ్గరే చాలాసేపు నిలబడిపోయాం. ఆకుపచ్చ పిట్ వైపర్ ఒకటి మరుసటి రాత్రి కూడా అదే కొమ్మ మీద కనిపించింది. దానికి మేము ఇబ్బంది కలిగించలేదన్న తృప్తి నాకు ఏ ఫోటో కంటే ఎక్కువ.

జలగల సంగతి చెప్పేదేముంది, మేజోళ్లు తప్పనిసరి.

రాచనాగు కోసమైతే వానాకాలంలో రావద్దు. అవి జతకట్టే మార్చి నుంచి మే వరకూ కనిపించే అవకాశం ఎక్కువ. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 2005లో ఇక్కడ స్థాపించిన వర్షారణ్య పరిశోధనా కేంద్రం వాటి కదలికలను రేడియో ట్రాన్స్‌మిటర్లతో అధ్యయనం చేసింది. పశ్చిమ కనుమల రాచనాగును 2024లో ప్రత్యేక జాతిగా గుర్తించారు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. మన దేశంలో దొరికే పాము విషపు విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరల కాట్ల కోసం తయారైనది. పిట్ వైపర్ల విషానికి దాన్ని నమ్ముకోలేం. రబ్బరు బూట్లు వేసుకోవాలి, చేయి పెట్టే ముందు ఆ కొమ్మ మీద వెలుతురు పడాలి. అర్ధరాత్రయినా ఆసుపత్రికి చేర్చే వాహనం ఉంటుందో లేదో బుక్ చేసుకునేటప్పుడే తేల్చుకోండి.

కప్పలే ముఖ్యమనుకునేవారు మహారాష్ట్రలోని అంబోలినీ ఆలోచించవచ్చు. అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న అంబోలి గోదురుకప్ప ఉండేది ఆ చుట్టుపక్కలే. తొలి వానలకు రాతి నేల మీద నిలిచే గుంటల్లో అది గుడ్లు పెడుతుంది కాబట్టి, జూన్ మొదట్లోనే వెళ్లాలి. పాములూ కప్పలూ రెండూ కావాలంటే నా ఓటు ఆగుంబెకే.