కాపర్ టీ మంచిదే, ఆ దారం సంగతి మాత్రం ముందే తేల్చుకోండి

గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టే కాపర్ టీ ఎలా ఉంటుంది, ఎవరు వేస్తారు అన్నవి మీ ఊరి సబ్ సెంటర్ గోడ మీద బొమ్మతో సహా ఉంటాయి. వాటి జోలికి పోను. ఏళ్ల తరబడి వాడుతున్న మనిషిగా నా మెచ్చుకోలూ, నా కోపమూ రెండూ ఒక్కదాని మీదే: కింద వేలాడే ఆ రెండు సన్నని తెల్ల దారాలు. లోపల కాపర్ టీ ఉందో లేదో మనంతట మనం తెలుసుకోవడానికి ఉన్న ఆధారం అదొక్కటే. తీయించుకునే రోజున డాక్టరుకు దొరికే పట్టూ అదే. అంత ముఖ్యమైనదాన్ని ఎంత పొడవు వదిలారో చెప్పరు, ఎలా చూసుకోవాలో చూపించరు. "అయిపోయిందమ్మా, దిగు" అని పంపేస్తారు.

మంచి ముందు చెప్పుకుందాం. కాపర్ టీలో 380ఏ అనే రకం వేసిన క్షణం నుంచే పనిచేస్తుంది, పదేళ్లు ఉంటుంది. వందమంది వాడితే మొదటి ఏడాదిలో గర్భం వచ్చేది ఒక్కరికి కూడా తక్కువ. హార్మోన్లు ఉండవు కాబట్టి పాలు తగ్గవు, దీనివల్ల ఒళ్లు రాదు. తీసేస్తే వెంటనే మళ్లీ గర్భం రావచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే మన ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. పాతికేళ్లు నిండకుండానే ఆపరేషన్ బల్ల ఎక్కేవాళ్లు ఎందరో. వాళ్లకు ఇదొకటి ఉందని, ఇష్టమైనప్పుడు తీయించుకోవచ్చని సరిగ్గా చెప్పేవాళ్లు లేకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

"ఒకసారి వేయించుకుంటే ఇక మర్చిపోవచ్చు" అంటారు. సగం నిజం. మొదటి మూడు నెలలు మర్చిపోవడానికి లేదు. జారిపోయే కాపర్ టీలు ఎక్కువగా ఆ నెలల్లోనే జారతాయి, అదీ నెలసరి రోజుల్లో, రక్తంతో పాటే, మనకు తెలియకుండా. అందుకే ఆ మూడు నెలలూ నెలసరి అయిపోగానే దారం చూసుకోవాలి. తర్వాత ప్రతి నెలా చూసుకోకపోయినా నష్టం లేదు గానీ, ఎప్పుడైనా నొప్పి వింతగా ఉంటే, నెల తప్పితే చూసుకోండి.

చూసుకోవడం ఇలా. సబ్బుతో చేతులు కడుక్కోండి, గోళ్లు కత్తిరించి ఉండాలి. గొంతుక్కూర్చుని గానీ, ఒక కాలు పీట మీద పెట్టి గానీ మధ్యవేలు లోపలికి, కాస్త వెనక్కి నడుం వైపుగా పోనివ్వండి. ముక్కు కొనలా గట్టిగా, గుండ్రంగా తగిలేది గర్భసంచి ముఖద్వారం. దాని మధ్యలోంచి సన్నని నైలాన్ దారాలు బయటికి వచ్చి ఉంటాయి. తగిలితే చాలు, లాగకండి. దారం బదులు గట్టి ప్లాస్టిక్ ముక్క తగిలిందంటే అది సగం బయటికి వచ్చేసినట్టే, ఇక కాపాడుతుందన్న నమ్మకం లేదు. లోపలికి నెట్టే ప్రయత్నం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి, ఈలోగా నిరోధ్ వాడండి. దారం ముందుకన్నా పొడవుగా అనిపించినా ఇదే మాట. నెలసరికి కప్పు వాడేవాళ్లు దాన్ని తీసేటప్పుడు అడుగున నొక్కి, గాలి పోనిచ్చి తీయాలి. అలాగే గుంజితే దారమూ కప్పుతో పాటు రావచ్చు.

ఇక పొడవు. ముఖద్వారం బయట 3 నుంచి 4 సెంటీమీటర్ల దారం వదలాలి. బల్ల మీద ఉన్నప్పుడే "ఎంత వదిలారమ్మా?" అని అడగండి, సిగ్గుపడాల్సిన మాట కాదు. కొందరు "ఆయనకు గుచ్చుకుంటుంది" అని పొట్టిగా కత్తిరించమంటారు, లేదా అక్కడివాళ్లే కత్తిరించేస్తారు. జరిగేది దానికి పూర్తిగా తలకిందులు. పొడవున్న దారం కొన్ని వారాల్లో మెత్తబడి ముఖద్వారం వెనక్కి చుట్టుకుని పడి ఉంటుంది. పొట్టిగా కోసిన దారం మొండిగా నిలబడి కొనతో గుచ్చుతుంది. అప్పుడు ఇంకాస్త కోయమని వెళ్తే చివరికి ముఖద్వారం మట్టానికి కోసేస్తారు. గుచ్చుకోవడం పోతుంది, దాంతో పాటు మనం చూసుకునే వీలూ పోతుంది, తీసే రోజున పనీ కష్టమవుతుంది. ఇంట్లో ఆయనకు ఇబ్బందిగా ఉంటే కొన్ని వారాలు ఓపిక పట్టమని చెప్పండి. అప్పటికీ తగ్గకపోతే దారాన్ని వెనక్కి మడిచి సర్దమని డాక్టరును అడగండి. కత్తెర ఆఖరి మాట.

దారం అందకపోతే? దీన్ని గురించే నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం. భయపెట్టేవాళ్లు, తేలిగ్గా తీసిపారేసేవాళ్లు తప్ప వరసగా ఏం చేయాలో చెప్పేవాళ్లు తక్కువ. దారం అందలేదంటే కారణం నాలుగింటిలో ఒకటి: దారం ముడుచుకుని ముఖద్వారం లోపలికి వెళ్లింది, కాపర్ టీ జారిపోయింది, గర్భం వచ్చి సంచి పెరిగి దారం పైకి పోయింది, లేదా కాపర్ టీ సంచి గోడను దాటి కడుపులోకి వెళ్లింది. ఎక్కువమందిలో మొదటిదే. నాలుగోది వెయ్యిమందిలో ఒకరికి జరిగేది, అదీ వేసేటప్పుడు జరిగేదే. వేయించుకుని ఏళ్లయ్యాక బరువులెత్తడం వల్ల గోడ చీల్చుకుపోదు.

తేలేదాకా నిరోధ్ వాడాలి. ఆసుపత్రిలో మొట్టమొదట మూత్రంతో గర్భ పరీక్ష. అది చేయకుండా లోపల ఏ పరికరమూ పెట్టనివ్వకండి. గర్భం లేదని తేలాక డాక్టరు స్పెక్యులమ్ (యోనిని విప్పి ముఖద్వారం చూసే పరికరం) పెట్టి చూస్తారు. మన వేలికి అందని దారం చాలాసార్లు అక్కడే కనిపిస్తుంది. కనిపించకపోతే పాప్ స్మియర్‌కు (ముఖద్వారం క్యాన్సర్ పరీక్షకు) వాడే సన్నని బ్రష్‌ను ముఖద్వారంలో పెట్టి మెల్లగా తిప్పితే లోపల ముడుచుకున్న దారం దానికి చుట్టుకుని కిందికి వస్తుంది. రెండు నిమిషాల పని, అన్నిచోట్లా చేయరు, అడగాలి. అప్పటికీ రాకపోతే స్కానింగ్. రిపోర్టులో "ఐయూసీడీ ఇన్ సిటూ" అని ఉంటే కాపర్ టీ (దాన్నే ఐయూసీడీ అని రాస్తారు) ఉండాల్సిన చోటే ఉందని అర్థం. అలా ఉంటే దారం అందకపోయినా ఫరవాలేదు, గడువు తీరేదాకా ఉంచుకోవచ్చు. కాపర్ టీ కాడ ముఖద్వారంలోకి దిగి ఉందని రాస్తే మాత్రం తీసి కొత్తది వేయించుకోవాలి.

స్కానింగ్‌లో ఎక్కడా కనిపించలేదనుకోండి. "ఎప్పుడో జారిపోయి ఉంటుందిలే, ఇంకోటి వేసేద్దాం" అనే మాట ఇక్కడే వినిపిస్తుంది. ఒప్పుకోవద్దు. కాపర్ టీ ప్లాస్టిక్‌లో బేరియం సల్ఫేట్ కలుపుతారు, ఎక్స్‌రేలో తెల్లగా కనపడాలనే. పొత్తికడుపుతో సహా పొట్ట మొత్తం ఎక్స్‌రే తీయించుకోవాలి. అందులోనూ లేకపోతేనే జారిపోయినట్టు. ఉందంటే అది గర్భసంచి బయట ఉన్నట్టు, లాప్రోస్కోపీతో, అంటే పొట్టకు చిన్న రంధ్రం పెట్టి తీస్తారు. ఈ ఒక్క ఎక్స్‌రే ఎగ్గొట్టడం వల్ల కడుపులో ఒకటి, సంచిలో ఒకటి ఉండిపోయే ప్రమాదం ఉంది.

పరీక్షలో గర్భం ఉందని తేలితే ఆలస్యం చేయకూడదు. కాపర్ టీ ఉండగా గర్భం రావడమే అరుదు. వచ్చినవాటిలో సంచికి బదులు ట్యూబులో పడేవి మామూలు కన్నా ఎక్కువ పాళ్లలో ఉంటాయి. ఒకవైపు పొత్తికడుపులో పోటు, కళ్లు తిరగడం, భుజం నొప్పి ఉంటే ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి. గర్భం సంచిలోనే ఉండి, దారం కనిపిస్తుంటే మొదటి మూడు నెలల్లోనే కాపర్ టీ తీసేయడం మేలు, గర్భం ఉంచుకోవాలనుకున్నా సరే.

కాన్పు అయిన వెంటనే వేయించుకున్నవాళ్లకు విడిగా చెప్పాలి. మాయ పడిన పది నిమిషాల్లో గానీ, 48 గంటల లోపు గానీ వేస్తారు. అప్పుడు సంచి పెద్దగా ఉంటుంది కాబట్టి దారం బయటికి రాదు, దాన్ని కోయరు కూడా. సంచి కుదించుకునేకొద్దీ వారాల్లో కిందికి దిగుతుంది, ఆరు వారాల పరీక్షలో చూసి సరిపడా కోస్తారు. ఇలా వేసినవి జారిపోయే అవకాశం మామూలుగా వేసినవాటికన్నా ఎక్కువ. సిజేరియన్‌లో కోతలోంచే వేస్తారు, చాలామందికి దారం కిందికి దిగనే దిగదు. అదే సర్వే ప్రకారం మన రాష్ట్రంలో కాన్పుల్లో నూటికి 42 సిజేరియన్లే, కాబట్టి ఇది ఏ కొద్దిమంది సంగతో కాదు. మనవైపు కాన్పు పుట్టింట్లో, తర్వాత మూడో నెలలోనో అయిదో నెలలోనో అత్తింటికి. అమలాపురంలో వేయించుకుని భీమవరం వెళ్లాక చూసేది ఎవరు? అందుకే పుట్టింటి నుంచి కదలకముందే ఆరు వారాల పరీక్ష చేయించుకుని, దారం కనిపించలేదంటే స్కానింగ్ తీయించుకుని, ఆ కాగితం వెంట తీసుకెళ్లండి.

కాపర్ టీ వేసినప్పుడు ఇచ్చే కార్డు కూడా. 375 రకమైతే అయిదేళ్లే, 380ఏ అయితే పదేళ్లు. రెండూ సర్కారు ఆసుపత్రుల్లో ఉచితమే. ఏది వేశారో కార్డు మీద రాసి ఉంటుంది. బాలింత పథ్యాల హడావుడిలో ఆ కార్డు పోతుంది. ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.

మిగతా అనుమానాలు గబగబా చెప్పేస్తాను. సార్వా ఊడ్పుల్లో రోజంతా వంగినా, రొయ్యల ప్లాంటులో నిలబడి పనిచేసినా, కాలువలో మునిగినా కాపర్ టీ జారదు. రాగి కరిగి గుండెకు పోదు. ఎమ్మారై తీయించుకోవచ్చు, ముందు చెప్పాలి. సుఖవ్యాధుల నుంచి కాపాడదు. కలిసిన అయిదు రోజుల లోపు వేయించుకుంటే ఆ కలయిక వల్ల వచ్చే గర్భాన్నీ ఆపుతుంది, ఇది చాలామందికి తెలియదు. భర్త కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉండి రెండేళ్లకోసారి వచ్చేవాళ్లు "ఆయన లేనప్పుడు ఎందుకు, తీసేయించుకుంటే పోలా" అంటారు. తీయించుకోకండి. ఇన్‌ఫెక్షన్ భయం వేయించుకున్న మొదటి 20 రోజుల్లోనే ఎక్కువ. సెలవు సెలవుకీ తీసి వేయించుకుంటే ఆ 20 రోజులు ప్రతిసారీ మళ్లీ మొదలు. జ్వరం, వాసనతో తెల్లబట్ట, తగ్గని పొత్తికడుపు నొప్పి ఉంటే ఎప్పుడైనా చూపించుకోవాల్సిందే.

రక్తస్రావం గురించి మాత్రం తేల్చి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది తీయించేసుకునేది దీనికే. మొదటి మూడు నుంచి ఆరు నెలలు నెలసరి ఎక్కువగా, ఎక్కువ రోజులు అవుతుంది, నొప్పీ ఉంటుంది. మనవైపు "రాగి కదా, వేడి చేసింది" అని కొబ్బరిబోండాలు, సబ్జా గింజలు ఇస్తారు. తాగండి, తప్పు లేదు, కానీ పోయిన రక్తం వాటితో రాదు. ఐరన్ మాత్ర వేసుకోవాలి, టీతో కాదు, నిమ్మరసంతోనో మజ్జిగ లేని భోజనం తర్వాతో. నొప్పికి అల్సరు, కిడ్నీ సమస్య లేనివాళ్లు ఐబూప్రొఫెన్ 400 అన్నం తిన్నాక వేసుకోవచ్చు. ఆరు నెలలు దాటినా తగ్గకపోతే కాపర్ టీని తిట్టుకుంటూ కూర్చోకుండా స్కానింగ్ తీయించుకోండి, అది పక్కకు జరిగి ఉండొచ్చు, లేదా గడ్డలు ఉండొచ్చు.

నా మటుకు నేను మళ్లీ ఇదే వేయించుకుంటాను. అయితే నాకు ముందునుంచీ నెలసరి మామూలే, రక్తహీనత లేదు, డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఇంట్లో ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. అసలే రక్తం ఎక్కువగా పోయేవాళ్లకు, హిమోగ్లోబిన్ బాగా తక్కువున్నవాళ్లకు ఇది సరిపడకపోవచ్చు. వాళ్లకు రాగి బదులు లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోను ఉన్న రకం నయం, రక్తస్రావం తగ్గిస్తుంది, కానీ డబ్బు పెట్టాలి. గర్భసంచి ఆకారం మారేంత గడ్డలు, కారణం తెలియని రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లు ముందు వాటి సంగతి తేల్చుకోవాలి. నలభై దాటాక కాపర్ టీ వేయించుకున్నవాళ్లు నెలసరి ఆగేదాకా దాన్నే ఉంచుకోవచ్చని చెప్పే డాక్టర్లున్నారు, అడిగి చూడండి.

తీయించుకునేటప్పుడు గర్భం వద్దనుకుంటే ముందు ఏడు రోజులు దూరంగా ఉండండి లేదా నిరోధ్ వాడండి, ఎందుకంటే లోపలికి వెళ్లిన వీర్యకణాలు కొన్ని రోజులు బతికే ఉంటాయి. దారం కనపడుతుంటే పీహెచ్‌సీలోనే నిమిషంలో తీసేస్తారు. దారం కనపడనివాళ్లు మాత్రం బస్సెక్కకముందే ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి, లోపలి కాపర్ టీ తీసే కొక్కెం, సన్నని ఫోర్సెప్స్ ఉన్నాయా, తీసే గైనకాలజిస్టు ఆ రోజు ఉంటారా అని కనుక్కుని బయల్దేరండి.