ఫ్రీ పాస్కల్‌లో డిస్కు లెక్కలు: యూనిక్స్ యూనిట్ సూపర్, డిస్క్‌ఫ్రీతోనే చిరాకు

లినక్స్‌లో ఫ్రీ పాస్కల్ 3.2.2 (పాస్కల్ భాష కంపైలర్) వాడి డిస్కులో ఎంత ఖాళీ ఉందో, ఫైల్ ఐనోడ్ నంబరేంటో (ఫైల్ సిస్టమ్ ఫైల్‌కిచ్చే గుర్తింపు నంబర్) తీయాలంటే సీ జోలికి పోనక్కర్లేదు, అన్నీ కంపైలర్‌తోనే వస్తాయి. కాకపోతే సిస్‌యుటిల్స్ యూనిట్‌లోని (యూనిట్ అంటే రెడీమేడ్ ఫంక్షన్ల కట్ట) డిస్క్‌ఫ్రీ ఫంక్షన్ మాత్రం నాకు నచ్చలేదు. డాస్ కాలం అలవాటు ఇంకా వదల్లేదు దానికి. డ్రైవ్ నంబర్ అడుగుతుంది, 0 అంటే ఇప్పుడున్న డ్రైవ్, 1, 2 ఫ్లాపీలట (ఈ రోజుల్లో ఫ్లాపీ ఎవడి దగ్గరుంది?), 3 అంటే రూట్ డైరెక్టరీ (/), వేరే మౌంట్ (ఇంకో ఫోల్డర్ దగ్గర తగిలించిన డిస్కు) కావాలంటే ముందు యాడ్‌డిస్క్‌తో చేర్చుకోవాలి.

దానికంటే యూనిక్స్ యూనిట్‌లోని ఎఫ్‌పీస్టాట్‌ఎఫ్‌ఎస్ వంద రెట్లు నయం. పాత్ ఇస్తే చాలు, బ్లాక్ సైజు, మొత్తం బ్లాకులు, ఖాళీవి, మిగిలిన ఐనోడ్‌లు అన్నీ ఒకే రికార్డులో చేతికొస్తాయి. ఒక్కటి చూసుకోండి, బీఫ్రీ (మొత్తం ఖాళీ బ్లాకులు) వేరు, బీఅవైల్ (మామూలు యూజర్ వాడుకోగల ఖాళీ బ్లాకులు) వేరు. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం రూట్ యూజర్ (అడ్మిన్) కోసం పక్కన పెడుతుంది కాబట్టి మామూలు యూజర్‌కి చూపించాల్సింది బీఅవైలే. దాన్ని బ్లాక్ సైజుతో గుణించే ముందు ఇంట్64 (64 బిట్ పూర్ణాంకం)లోకి మార్చండి, లేదంటే 32 బిట్ మెషీన్‌లో లెక్క తేడా కొడుతుంది.

ఐనోడ్, హార్డ్ లింకుల (అదే ఫైల్‌కున్న పేర్ల) సంఖ్య కావాలంటే బేస్‌యూనిక్స్‌లో ఎఫ్‌పీస్టాట్, సింబాలిక్ లింకు (వేరే ఫైల్‌కి దారి చూపే ఫైల్) సంగతే కావాలంటే ఎఫ్‌పీఎల్‌స్టాట్. డాక్యుమెంటేషన్‌లో ఉదాహరణలు ఇంకాస్త ఉంటే బాగుండేది. విండోస్‌లో ఈ రెండు యూనిట్లూ ఉండవు, అక్కడ డిస్క్‌ఫ్రీ వాడుకోవచ్చు.