గూగుల్ ట్రెండ్స్‌తో ఏడేళ్లు: ఒక బ్లాగరు అనుభవం

ఫోన్, కంప్యూటర్ వాడకంలో వచ్చే చిక్కుల గురించి రాసే బ్లాగు నాది. 2018లో గూగుల్ ట్రెండ్స్ మొదటిసారి తెరిచినప్పుడు, ఇక టపాకి విషయం దొరక్క తల పట్టుకునే పని ఉండదని సంబరపడ్డాను. డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా లేకపోయినా తెరుచుకుంటుంది, 2004 నుంచి జనం ఏం వెతికారో గీత గీసి చూపిస్తుంది. ఇంతకన్నా ఏం కావాలి?

ఆ గీతను సరిగ్గా చదవడం రావాలి. మొదటి ఏడాదంతా నాకు అది రాలేదు.

గ్రాఫ్‌లో కనిపించే 100 అంటే వంద మందీ కాదు, లక్ష మందీ కాదు. మనం ఎంచుకున్న కాలంలో, ఎంచుకున్న ప్రాంతంలో ఆ మాటకు ఆదరణ అన్నిటికన్నా ఎక్కువ ఉన్న సమయానికి 100 ఇస్తారు. మిగతా అంకెలన్నీ దాంతో పోల్చి వేసినవి. అదీ మొత్తం సెర్చ్‌లను లెక్కపెట్టి కాదు, వాటిలోంచి తీసిన శాంపిల్‌లో ఈ మాట వాటా ఎంతో చూసి. మరీ తక్కువమంది వెతికితే సున్నా చూపిస్తుంది, అలాగని ఎవరూ వెతకలేదని అర్థం కాదు. ఇవేవీ తెలియక నేను ఒక ట్యాబ్‌లో ఫోన్ బ్యాకప్ గురించి, ఇంకో ట్యాబ్‌లో ఒక పాత ఫైల్ ఫార్మాట్‌ను మార్చడం గురించి చూశాను. రెండు గీతలూ 80 దగ్గర ఆడుతున్నాయి. రెండిటికీ ఒకే గిరాకీ ఉందనుకుని రెండో దాని మీద వారం రోజులు కూర్చుని పెద్ద టపా రాశాను. ఇరవై మంది కూడా చదవలేదు. తర్వాత రెండు మాటలనీ ఒకే గ్రాఫ్‌లో పెట్టి చూస్తే రెండో గీత నేలకి అతుక్కుపోయి ఉంది!

అప్పటినుంచి ఒక అలవాటు చేసుకున్నాను. ఒకేసారి కొన్ని మాటలను పోల్చుకోవచ్చు కాబట్టి, వాటిలో ఒకటి ఎప్పుడూ నా పాత టపా తాలూకు మాటే పెడతాను. దానికి నెలకి ఎంతమంది వస్తారో నాకు తెలుసు కదా, తూకం రాయిలా పనికొస్తుంది. కొత్త మాట దానికి పైన ఉందా, కింద ఉందా అన్నది చూస్తే చాలు.

రెండో పాఠం 2021 జనవరిలో. వాట్సాప్ ప్రైవసీ నిబంధనలు మారుతున్నాయన్న గొడవలో ఎలాన్ మస్క్ 'సిగ్నల్ వాడండి' అని రెండు మాటల ట్వీట్ పెట్టారు, సిగ్నల్ అంటే వాట్సాప్ లాంటిదే ఇంకో మెసేజింగ్ యాప్. పేరులో సిగ్నల్ ఉండడం తప్ప ఆ యాప్‌తో ఏ సంబంధమూ లేని ఒక చిన్న కంపెనీ షేరు ఆకాశానికి ఎక్కింది. నేను షేరైతే కొనలేదు గానీ, అలాంటి పొరపాటే ట్రెండ్స్‌లో చేశాను. 'సిగ్నల్' అని కొడితే ఫోన్ సిగ్నల్ రావట్లేదని వెతికేవాళ్లూ అందులోనే కలుస్తారు. మాట కొడుతున్నప్పుడు కింద వచ్చే జాబితాలో అదే పేరుతో యాప్ అని, సాఫ్ట్‌వేర్ అని విడిగా 'టాపిక్'లు ఉంటాయి. ఆ టాపిక్ ఎంచుకుంటే వేరే అర్థాలు పోతాయి, పైగా వేరే భాషల్లో వెతికినవీ లెక్కలోకి వస్తాయి. తెలుగు లిపిలో మాట ఇస్తే చాలాసార్లు చూపడానికి తగినంత డేటా ఉండదు, అక్కడ టాపిక్ ఒక్కటే దారి.

చిన్న జాగ్రత్తలు రెండు. పాత ఏళ్ల గ్రాఫ్ మీద 2016 జనవరి, 2022 జనవరి దగ్గర 'నోట్' అని ఒక గుర్తు ఉంటుంది. డేటా సేకరించే పద్ధతి అప్పుడు మార్చారని దాని అర్థం. అక్కడ గీత ఎగిరిందని కారణాలు వెతకడం వృథా. గ్రాఫ్ చివర చుక్కల గీత కనిపిస్తే ఆ వారమో నెలో ఇంకా పూర్తి కాలేదని. అది కిందికి వంగిందని కంగారుపడొద్దు.

ఇక అసలు దెబ్బ. సంబంధిత సెర్చ్‌ల దగ్గర ఒక్కోసారి శాతం అంకె బదులు 'బ్రేకౌట్' అని వస్తుంది. అంతకుముందు కాలంతో పోలిస్తే 5000 శాతానికి మించి పెరిగిందన్నమాట. నిన్న దాదాపు ఎవరూ వెతకని మాట ఇవాళ కాస్తమంది వెతికినా అక్కడికి చేరిపోతుంది. 2021 ఆరంభంలో క్లబ్‌హౌస్ అనే, గదుల్లో చేరి గొంతుతో కబుర్లు చెప్పుకునే యాప్ గురించి అలాగే కనిపిస్తే నేను మిగతావన్నీ పక్కన పెట్టి వరసగా నాలుగు టపాలు రాశాను. ఖాతా ఎలా తెరవాలి, గది ఎలా పెట్టాలి, మర్యాదలేమిటి... మొదటి పది రోజులు వ్యూస్ చూసుకుని నిద్రపట్టలేదు. కొన్ని నెలలకే ఆ గీత సూదిలా లేచి సూదిలా దిగింది, నా టపాలూ దాంతోపాటే దిగాయి. 2022 నవంబరు 30న చాట్ జీపీటీ వచ్చినప్పుడు, ఈసారి మోసపోనని భీష్మించుకు కూర్చున్నాను. ఆ గీత మాత్రం దిగలేదు, ఇంకా ఎక్కుతూనే పోయింది. గ్రాఫ్ జరిగిందే చెబుతుంది, జరగబోయేది దానికీ తెలియదు. గూగుల్ తానే సెర్చ్‌లను బట్టి ఫ్లూ జ్వరాలను అంచనా వేసే ప్రయత్నం 2008లో మొదలుపెట్టింది. 2012-13 చలికాలంలో ఆ అంచనాలు అసలు కేసులకన్నా బాగా ఎక్కువ చూపాయి, 2015లో వాటిని ప్రచురించడం ఆపేసింది. వార్తల్లో జ్వరం గురించి విన్నవాళ్లు కూడా వెతుకుతారు మరి.

సోషల్ మీడియా ట్రెండ్‌ల గురించి పెద్దగా చెప్పను. రోజూ పొద్దున్నే గంటసేపు హ్యాష్‌ట్యాగ్‌లు చూసిన రోజులున్నాయి. ఎక్స్‌లో, అంటే పాత ట్విట్టర్‌లో, పైకి వచ్చేది ఎక్కువమంది మాట్లాడుతున్న విషయం కానక్కర్లేదు, ఒక్కసారిగా పెరిగిన విషయమైతే చాలు. నేను కూర్చుని రాసి, స్క్రీన్‌షాట్లు తీసి, సరిచూసుకునేలోపు అది పోతుంది. పైగా ఆ పనిముట్లకు ఆయుష్షు తక్కువ. ఫేస్‌బుక్ ట్రెండింగ్ విభాగాన్ని 2018లో తీసేశారు, ఏ పోస్టు ఎంతగా వ్యాపిస్తోందో చూపే, ఫేస్‌బుక్ యజమాని మెటా వాళ్ల క్రౌడ్‌టాంగిల్ 2024 ఆగస్టులో మూతపడింది. ఒక్కడే రాసుకునే బ్లాగరుకి ఈ పరుగు అనవసరం అనే నా అభిప్రాయం.

మరి ఏడేళ్లుగా ట్రెండ్స్ ఎందుకు వదల్లేదంటే, క్యాలెండర్ కోసం. కాలాన్ని ఐదేళ్లకు పెట్టి చూస్తే కొన్ని మాటలు ఏటా ఒకే నెలలో లేస్తాయి. ఐఫోన్ దానికి తేలికైన ఉదాహరణ, ఏటా సెప్టెంబరులో కొండ. 2020లో మాత్రం కొత్త మోడల్‌ను అక్టోబరులో ప్రకటించారు కాబట్టి ఆ ఏడు కొండ పక్కకు జరిగింది. పాత ఫోన్ నుంచి కొత్త దానికి డేటా ఎక్కించుకోవడం గురించిన నా టపాని ఏటా ఆగస్టు మొదట్లోనే సరిచేసి పెడతాను. జనం వచ్చేసరికి అది తయారుగా ఉంటుంది. బ్లాగులో ఎక్కువమంది చదివే టపాల్లో సగం ఇలా ముందే రాసిపెట్టుకున్నవే.

దీనికి తోడు ఇంకో రెండు లేకపోతే నాకు పని జరగదు. వికీపీడియా పేజ్‌వ్యూస్ అనే పనిముట్టు 2015 జూలై నుంచి ఏ వ్యాసాన్ని రోజుకి ఎన్నిసార్లు తెరిచారో అసలు అంకెల్లో ఇస్తుంది. ట్రెండ్స్ ఇవ్వనిది సరిగ్గా అదే. రెండోది సెర్చ్ కన్సోల్, మన సైటు గూగుల్ వెతుకులాటల్లో ఎలా కనిపిస్తోందో చూపే గూగుల్ పనిముట్టు, అన్నిటికన్నా నేను ఎక్కువ నమ్మేది. జనమంతా ఏం వెతుకుతున్నారో ట్రెండ్స్ చెబితే, నా గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకుండా పోయినవాళ్లు ఏం అడిగారో ఇది చెబుతుంది. బ్యాటరీ గురించి నేను రాసిన టపా 'ఫోన్ దానంతటదే ఆఫ్ అవుతోంది' అనే వెతుకులాటకు వేలసార్లు కనిపించిందట, నొక్కినవాళ్లు మాత్రం వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఆ మాటనే శీర్షికగా పెట్టి విడిగా ఇంకో టపా రాశాను. మూడేళ్లయింది, ఇప్పటికీ రోజూ చదువుతున్నారు. వాళ్లు తెలుగు లిపిలో కొడుతున్నారా, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడుతున్నారా అన్నదీ అక్కడే తెలిసింది. నా పాఠకుల్లో రెండో రకమే ఎక్కువ.

సెర్చ్ కన్సోల్ 16 నెలల డేటానే ఉంచుతుంది. ఈ సంగతి తెలియక నా మొదటి రెండేళ్ల లెక్కలు పోయాయి. ఇప్పుడు ప్రతి మూడు నెలలకీ దించుకుని దాచుకుంటున్నాను.